టేకు నేల మీద వడ్లు

2003 డిసెంబరు 28, ఆదివారం ఉదయం, నర్సీపట్నం వరాహ షటిల్ క్లబ్బు అత్యవసర సమావేశం. హాజరైనవారు: కార్యదర్శి జగదీశ్వరరావు, కోశాధికారి నానాజీ, హాలు కాపలాదారు దేవుళ్లు. హాలు మూతపడినందున సమావేశం కార్యదర్శి గారి వరండాలో జరిగింది. కాఫీ గ్లాసులు తెచ్చి గుమ్మంలోనే నిలబడిపోయిన రామాయమ్మ పేరు ఈ వరసలో లేదు. ఆమె కార్యదర్శి భార్యే గాని క్లబ్బు సభ్యురాలు కాదు.

“ఇదేమిటి దేవుళ్లూ?” జగదీశ్వరరావు అరచెయ్యి చాపాడు. హాలు నేల పలకల సందులో నానిపోయి మొలకెత్తిన గింజ ఒకటి అందులో ఉంది.

“వడ్లగింజండి.”

“అది నాకూ తెలుసు. టేకు నేల మీదికి ఎలా వచ్చింది?”

దేవుళ్లు తల దించుకున్నాడు. “తుపానులో తడిసిపోనాయండి. హాల్లో ఆరబెట్టించినాను.”

నానాజీకి నవ్వాగలేదు. “బాగుందండోయ్! మనం షటిలాడే కాడ ఈడు కళ్లం ఎట్టీసినాడు. ఎడ్లని కూడా తోలుకొచ్చీవలిసింది కదరా!”

జగదీశ్వరరావు నవ్వలేదు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పడం మానుకున్న నాటినుంచి, ఇల్లూ పొలమూ భార్యకు వదిలి, ఆయన తనకోసం ఉంచుకున్నవి రెండే: పుస్తకాలు, ఆ హాలు. చెట్టును కొట్టేసినా కొయ్య గాలిలోని తేమను తాగుతూనే ఉంటుందనీ, ఎక్కువ తాగితే ఉబ్బి పలకలు లేస్తాయనీ, అందక ఎండిపోతే బిగిసి చీలుతాయనీ దేవుళ్లుకు పాఠంలా చెప్పాడు. వానల్లో కిటికీలు బిగించి మూలమూలనా బొగ్గులకుండలు పెట్టడం, నడివేసవిలో నీళ్లతొట్లు పెట్టడం, గోడమీది తేమ మీటరు ముల్లు ఎర్రగీత దాటకుండా కాచుకోవడం, తడిగుడ్డ అన్నది గుమ్మం తొక్కనివ్వకపోవడం అన్నీ నేర్పాడు. నేర్చినవాడు గురువును మించాడు. ఒక వానరోజున తడిగొడుగుతో వచ్చిన జగదీశ్వరరావునే గుమ్మంలో నిలేశాడు. “గొడుగు బయటెట్టండి బాబూ. ఎవులికైనా ఒకటే రూలు,” అన్నాడు. ఆ రాత్రి భోజనం దగ్గర ఆయన మురిసిపోతూ, “నా తరవాత ఆ హాలుకు దిక్కు వాడే,” అని భార్యతో చెప్పుకున్నాడు.

ఆ దిక్కే ఇంత పని చేసింది. అంతర్జిల్లా పోటీలు మన ఊళ్లో జరిపించమని అడగడానికి ఆయన విశాఖపట్నం వెళ్లి, తుపానుకు అక్కడే చిక్కుకుపోయాడు. అనుమతి కాగితంతో తిరిగివచ్చేసరికి పలకల అంచులు దోనెల్లా పైకి లేచి ఉన్నాయి. పోటీలు మరో ఊరికి తరలిపోయాయి.

“కింద టార్పాలిన్ పరిసినానండి,” అన్నాడు దేవుళ్లు. “సుక్క నీరు నేలకి తగల్లేదు. ఫేన్లన్నీ ఏసీసినాను.”

“తగలనక్కర్లేదురా! మూసిన హాల్లో ఆ తడి ఎక్కడికి పోతుంది? గాలిలోకి. గాలిలోంచి కొయ్యలోకి. ముల్లు చూశావా?”

“సూసినానండి.”

“ఎర్రగీత దాటిందా?”

“దాటీసిందండి.”

తెలియక చేశానని ఒక్క అబద్ధం ఆడినా బాగుండునని జగదీశ్వరరావుకు అనిపించింది.

“ఎంత పుచ్చుకున్నావేటి?” నానాజీ అడిగాడు.

“పైసా ముట్టలేదండి. మా పిల్లల మీదొట్టు.”

“మరి ఎవులివిరా ఆ వడ్లు? నీకు సెంటు బూమి నేదు కదా.” దేవుళ్లు మళ్లీ తల దించేసరికి నానాజీ కార్యదర్శి వైపు తిరిగాడు. “రావికమతంలో ఈడి బావ గంగులు కౌలు సేత్తన్నాడండి. ఇంకెవులివీ!”

“ఏవండీ, ఒక్కమాట...” రామాయమ్మ గుమ్మం దాటి వచ్చింది.

దేవుళ్లు చటుక్కున తలెత్తాడు. “అమ్మగోరూ, మీరు లోనికెల్లండి. నాకోసం మీరేటీ సెప్పొద్దు. గంగులువేనని రాసీసుకోండి బాబూ.”

“సమావేశం నడుస్తోంది. బతిమాలుకోళ్లు తరవాత,” అన్నాడు జగదీశ్వరరావు భార్య వంక చూడకుండానే. ఆమె మళ్లీ గుమ్మంలోకి తగ్గింది.

“మొలకలొచ్చేత్తన్నాయి బాబూ,” దేవుళ్లు గొంతు తగ్గించాడు. “గుమ్మంలో వానకి తడుస్తా నిలబడి ఏడుత్తంటే కాదనలేకపోనాను. ఏడాది తిండిగింజలు కదండీ.”

“నన్ను గొడుగుతో ఆపావు. గంగులు ఏడిస్తే తలుపు తీశావు. ఎవరికైనా ఒకటే రూలన్నది నువ్వే కదా?”



జగదీశ్వరరావు కాగితం తీసుకుని తనకు అలవాటైన పొందికైన అక్షరాల్లో రాశాడు. దేవుళ్లును ఉద్యోగంలోంచి తొలగించడమైనది. హాలు వెనక అతను కాపురముంటున్న గది సంక్రాంతిలోగా ఖాళీ చేయవలెను. చదివి వినిపించాడు. దేవుళ్లు తాళంచెవులు బల్లమీద పెట్టి, కూడబలుక్కుంటూ సంతకం చేశాడు. ముందు ఆయనకు, తరవాత రామాయమ్మకు దండం పెట్టి మెట్లు దిగిపోయాడు. నానాజీ కూడా సంతకం గీకి, “పాపం పుణ్యం సూత్తే సంస్థలు నడవవండి,” అంటూ స్కూటరెక్కాడు.

వరండాలో ఇద్దరే మిగిలారు. జగదీశ్వరరావు చివరి సంతకం తాను చేశాడు. కలం అంత బరువుగా ఆయనకు ఎన్నడూ తోచలేదు.

“తెలియనివాడు చేస్తే క్షమిద్దును. వీడు నాకు కొడుకులాంటివాడు. నన్ను ఎవరూ ఇంతగా మోసం చెయ్యలేదు,” అన్నాడు. కాగితాన్ని అంచులు కలిపి మడిచి, లోపలికి వెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాడు. వెనకే వచ్చి నిలుచున్న భార్య వైపు తిరిగాడు.

“సమావేశం అయిపోయింది. ఇప్పుడు చెప్పు, ఏమిటా ఒక్కమాట?”

“ఆ వడ్లు మనవండీ.”