వాదీ రాయి

“ఇంకా ఎంత దూరం నడవాలె నరేందర్?”

ఫోన్‌ను నీళ్లచెంబుకు ఆనించి కౌసల్యమ్మ అడిగింది. పక్కనే కంచంలో అన్నం, పప్పుచారు, మామిడి తొక్కు. పెనిమిటి చంద్రయ్య కోసం రోజూ పెట్టేదే.

“అయిపోవచ్చింది వదినా. గీ మలుపు దాటితే అన్న బండి కొట్టుకపోయిన జాగ.”

కూతురు దుర్గాభవాని తల్లి భుజం మీంచి చూస్తోంది. నాన్న పదేళ్లు నాచారంలో క్వారీ పని చేశాడు. మధ్యాహ్నం ఫ్యాక్టరీ సైరన్ కూసేసరికి అమ్మ అక్కడికి అన్నం మోసేది. క్వారీ మూతపడ్డాక ఒమాన్ వెళ్లాడు. అక్కడ ఎడారి కొండల నడుమ ఎండిన వాగులుంటాయి, వాదీలంటారు. ఎక్కడో కురిసిన వానకు వాదీ పొంగి, నాన్నను బండితో సహా ఈడ్చుకుపోయి నాలుగు నెలలైంది. శవం దొరకలేదు.

పోయిన చోటి రాయి తెచ్చి దినాలు చేయొచ్చని ఉప్పల్ పంతులు చెప్పాడు. అమ్మ మొండికేసింది. ఎవరన్నా ఆ వాదీలో నడిచి, పేరు పెట్టి పిలవాలంది. పలక్కపోతే అప్పుడు నమ్ముతానంది. అందాకా పగటిపూట మెతుకు ముట్టనంది. మనిషి చిక్కి సగమైంది. నాన్నతో క్వారీలోనూ, ఒమాన్‌లోనూ కలిసి పనిచేసిన నరేందర్ బాబాయి సెలవు మీద వచ్చి ఆమె వాలకం చూశాడు. “నేను నడుస్తా వదినా” అని మొన్న తిరిగి ఒమాన్ బయల్దేరాడు.

ఫోన్‌లో రెండు పక్కలా నిలువు రాతి గోడలు. కింద కంకర. చెప్పుల చప్పుడు తప్ప మరోటి లేదు.

“గిదే వదినా.”

“పిలువు.”

“చంద్రన్నా...”

గోడలు ఆ పేరును తిరిగి ఇచ్చేశాయి. మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. దుర్గాభవానికి ఏడుపు ఆగలేదు.

అంతలో బయట పన్నెండు గంటల సైరన్ కూసింది. అదే క్షణాన ఫోన్‌లోనూ గాలి ఊళ పెట్టినట్టయింది. నరేందర్ గబగబా వంగి ఒక రాయి ఏరుకున్నాడు.

“ఎండ మస్తుంది వదినా, పెట్టేస్తా. వచ్చేటోళ్లతోని రాయి పంపిస్త.”

కౌసల్యమ్మ కిటికీ వైపు చూసింది. మళ్లీ ఫోన్‌లోని గోడల వైపు చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“పంతులుకు చెప్పు బిడ్డా, దినాలు చేద్దాం” అని, కంచాన్ని ఫోన్ దగ్గరికి జరిపింది.

“క్వారీ నుంచి పది నిమిషాలే గదా నరేందర్, రాయి పట్కొని రా, గీ బువ్వ నువ్వు తిను.”