సూదికి ముందుమాట

“నువ్వు నోరు మూసుకుంటేనే జనానికి నొప్పి తక్కువగా ఉంటోందమ్మా కెజియా,” అంది ప్రాజెక్టు గైడు ఉదయశ్రీ మేడమ్, కాలిక్యులేటర్ మీంచి తలెత్తకుండా.

కెజియాది నర్సింగ్ ఆఖరి సంవత్సరం. సోమవారానికల్లా ప్రాజెక్టు ఇవ్వాలి. మాదాపూర్‌లో హైటెక్ సిటీ పక్కన కొత్తగా లేస్తున్న ఓ అద్దాల మేడ దగ్గర అరవైమంది కూలీలకు ధనుర్వాతం సూది వేసి అంకెలు పట్టుకొచ్చింది. ముప్ఫైమందికి పేరడిగి, ఊరడిగి, కబుర్లలో పెట్టి వేసింది. మిగతా ముప్ఫైమందికి మొహం గంటు పెట్టుకుని, ఒక్క ముక్క మాట్లాడకుండా వేసింది. మందు అదే, చెయ్యి అదే, తేడా అంతా మాటల్లోనే. మంచిమాట నొప్పిని తగ్గిస్తుందని లెక్కల్లో నిరూపించాలని ఆమె పంతం.

“నువ్వు పలకరించినవాళ్ల సగటు ఎనిమిదిన్నర. పలకరించనివాళ్లది రెండుంపావు.”

“ఏదో కాకతాళీయంగా వచ్చిందేమోనండీ?”

“టీ-టెస్ట్ చేశానుగా. ఇంత తేడా ఊరికే రావడానికి వెయ్యింట ఒక వంతు అవకాశం కూడా లేదు. లెక్కకి మొహమాటాలుండవమ్మా.”

“పోనీ, ప్రశ్నలో ఏమైనా...”

“ప్రశ్న నేను దిద్దిందే! నొప్పి అన్న మాట ఎత్తితే లేని నొప్పి కూడా పుట్టుకొస్తుందని ఆ మాట కొట్టేయించాను. ‘సూది ఎట్లుంది? సున్నా నుంచి పది లోపు చెప్పండి’ అనే కదా అడిగావు?”

“అక్షరం తప్పలేదండీ.”

కెజియాకి ఆ మొహాలు గుర్తొచ్చాయి. కబుర్లు చెప్పి వేసినవాళ్లంతా నవ్వుతూనే తొమ్మిదనీ పదనీ అన్నారు. ఇటుకలు మోసే పాలమూరు ఎల్లమ్మయితే ఆమె బుగ్గలు పుణికి మరీ “పది” అంది. కష్టజీవులు, ఎంత నొప్పినైనా నవ్వుతో కప్పేస్తారని అప్పుడే కెజియా జాలిపడింది. మాటా పలుకూ లేకుండా వేయించుకున్న మేస్త్రీ నర్సింహ మాత్రం మొహం చిట్లించి, “ఒకటి” అని విసురుగా వెళ్లిపోయాడు. ఉక్కుమనిషి అనుకుంది.

మంచిమాట సగం మందని చెప్పి చెప్పి పెంచింది తల్లి గ్రేస్. ఆవిడా నర్సే. ఆ ఒక్క గుణం తనకుందన్న ధైర్యంతోనే కెజియా ఈ చదువులో చేరింది. ఇప్పుడా గుణమే రోగి పాలిట ముల్లయిందంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ముగింపు రాసింది: ‘నర్సు పలకరింపు వల్ల సూది నొప్పి పెరుగును.’

“భేష్, ఇంతవరకు ఎవరూ చెప్పని విషయం,” అని మేడమ్ సంతకం పెట్టింది.

నెల తిరిగేసరికి రెండో డోసు. కెజియా నోటికి తాళం వేసుకుని మేడ దగ్గరికి వెళ్లింది. వరసలో ముందు నిలబడింది ఎల్లమ్మే.

“మంచిగున్నవా బిడ్డా?”

కెజియా తల వంచుకుని సిరంజిలోకి మందు ఎక్కించుకుంది.

“ఏందే గట్లున్నవ్? ఇంట్ల ఎవరన్న ఏమన్న అన్నరా?”

నోరు తెరిస్తే ఆ ముసలి చెయ్యి ఎక్కడ నొస్తుందోనని కెజియా పళ్లు బిగబట్టి సూది దించింది. దూది అద్దాక మాత్రం ఉండబట్టలేకపోయింది.

“సూది ఎట్లుంది?”

“పోయినసారి పది జెప్పిన. ఇయ్యాల రెండే.”

పదెక్కడ, రెండెక్కడ! కెజియా మొహం చాటంతయింది. నోరు కట్టేసుకుంటే కట్టేసుకుంది గానీ, ఈ ముసలిప్రాణానికి అంత నొప్పి తప్పించింది.

“రెండేనా! ఎంత చల్లని మాట చెప్పినవమ్మా!” అంటూ ఎల్లమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

ఎల్లమ్మ ఆమెను జాలిగా చూసింది.

“రెండు మార్కులకే గంత సంబరమా బిడ్డా?”