ఫోటోలో పడని నేల

“అంకుల్, ఆంటీ లేని ఫోటో ఒక్కటైనా లేదా?”

“ఎలా ఉంటుందమ్మా? అంత దూరం వెళ్ళి ఒట్టి రాళ్ళని ఎవరు తీస్తారు?” అన్నాడు దక్షిణామూర్తి.

అనన్య లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. ఫ్రీమాంట్‌లోని ఆ ఇంటికి పొగమంచులో నెమ్మదిగా డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది, ఎంతో ఆశతో. లిబియా సముద్రతీరంలో ఓ పాత రోమన్ స్నానశాల ఉండేది. దాని నేలంతా రంగురాళ్ళు పొదిగిన చిత్రం. ఇసుక తవ్వి దాన్ని బయటపెట్టిన కొన్నాళ్ళకే యుద్ధం వచ్చింది. నేల పిండిపిండి అయిపోయింది. తవ్వినవాళ్ళు తీసిన ఫోటోలూ ఆ మంటల్లోనే పోయాయి. అలా పోయిన నేలల్ని కంప్యూటర్‌లో మళ్ళీ పరవడమే అనన్య పని. అన్నీ దొరికాయి, ఇదొక్కటి తప్ప. సోమవారంలోగా దొరక్కపోతే దీన్ని వదిలేసి ప్రాజెక్ట్ ముగించేస్తారు.

నిజానికి ఆమెకి ప్రాజెక్ట్ కన్నా ఆ నేల మీదే ప్రాణం. చాలాకాలంగా అది కలలోకి వస్తోంది. కలలో అరికాళ్ళకి చల్లగా తగులుతుంది, పక్కనే సముద్రం చప్పుడు వినిపిస్తుంది. వంగి చూస్తే మాత్రం కింద ఏమీ ఉండదు.

యుద్ధానికి ముందు దాన్ని చూసొచ్చిన తెలుగువాళ్ళు ఉన్నారని తెలిసి పరుగున వచ్చింది. ఫోటోలకేం కొదవ లేదు. కానీ మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. ఏ వింత దగ్గరికెళ్ళినా దానికన్నా మనమే పెద్దగా పడాలి. ప్రతి ఫోటోలోనూ ఎండ, వెనక నీలంగా సముద్రం, నేల నడిమధ్య చీర కుచ్చెళ్ళు పరుచుకుని కూర్చున్న ఆయన భార్య సరోజ. చీర అంచు పక్కన జడలా అల్లుకున్న తీగ ముక్క కొంచెం కనిపిస్తుంది, అంతే. పెళ్ళికెళ్ళి పెళ్ళికూతుర్ని చూడకుండా వచ్చినట్టుంది.

“అంకుల్, ఆంటీ కెమెరా వైపు చూడట్లేదేంటి?”

“ఏ ఒక్కదాన్లోనూ చూడలేదు. అరిచి అరిచి నా గొంతు పోయింది. పేరుకే డాక్టరు, వట్టి పరాకు మనిషి.”

“ఆంటీకి ఏమైనా గుర్తుందేమో ఆస్క్ చేయనా?”

“ఏం గుర్తుంటుందమ్మా? ఆ రోజంతా ఆవిడ ఈ లోకంలో లేదు. సముద్రపు గాలి పడలేదనుకున్నాను.”

అయినా అనన్య వంటింట్లోకి తొంగి చూసింది. పొయ్యి మీద ఉప్మా మూతపెట్టి ఉంది. సరోజ లేదు. వచ్చినప్పుడు పూజలో ఉందన్నారు, ఇప్పుడు ఎటు వెళ్ళిందో.

“ఉప్మా తిని వెళ్ళమ్మా.”

“వద్దు అంకుల్, థాంక్స్.” ఆమెకి ఏడుపొస్తోంది. అది ఆయన చూడకూడదని గబగబా లాప్‌టాప్ మూసి, తలుపు తీసింది.

పొగమంచు విడిపోతోంది. తడిసిన డ్రైవ్‌వే నీళ్ళలా మెరుస్తోంది. గరాజ్ నుంచి రోడ్డు దాకా దాని మీద తెల్లటి గీతలు. అలలు వెనక్కి తిరిగి అలల్లోనే కలుస్తున్నాయి. మూలల్లో చేపలు ముక్కూ ముక్కూ రాసుకుంటున్నాయి. చుట్టూ జడలా అల్లుకున్న తీగ. ఫోటోల్లో చీర అంచున తొంగిచూసిన తీగే. అనన్య ఎత్తిన కాలు అలాగే ఆగిపోయింది.

అవతలి చివర సరోజ వంగి ఆఖరి చేపకి తోక దిద్దుతోంది.

“ఆంటీ, ఇది... ఎక్కడ చూశారు?” అడిగింది అనన్య.

సరోజ నడుం పట్టుకుని లేచి, చేతి పిండి దులుపుకుంది.

“లిబియాలోనమ్మా. ప్రతి శుక్రవారం ఇదే ముగ్గు వేస్తాను. ఆ రోజు నేను కూర్చుని చుక్కలు లెక్కపెట్టుకుంటుంటే, మీ అంకుల్ ‘ఇటు చూడు, ఇటు చూడు’ అని ఒకటే గోల.”