ఒక గ్లాసు, అయిదు గిన్నెలు

"ఇవాళ కూడా తాగేది ఆ పిల్లే, చూస్తూ ఉండు," అంది వెయిట్రెస్, వంటగది కిటికీలోంచి ట్రే అందుకుంటూ.

వంటాయన తలెత్తలేదు. ఆవిడ నోటి దురుసు చూసి కందిరీగ అని పేరు పెట్టింది ఆయనే. ఇప్పుడు హోటల్లో అందరికీ ఆవిడ కందిరీగే.

అద్దాల గోడ పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దాయన, ఎదురుగా ఆయన కూతురు. ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయి. నెల రోజులుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం వస్తున్నారు. బీరు ఒక్కటే గ్లాసు. తినడానికి మాత్రం అయిదు చిన్న గిన్నెలు. ఉప్పు వేరుశెనగలు, చీజ్ ముక్కలు, తీపి కేకు, నిప్పుల మీద కాల్చిన మాంసం, కారం పట్టించి వేయించిన చేప. అన్నీ పెద్దాయన కాగితం మీద రాసిస్తాడు. "ఇంకేం కావాలండీ" అని ఎన్నిసార్లు అడిగినా తల అడ్డంగా ఊపడమే. నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయని భయం కాబోలు అనుకునేది కందిరీగ.

గ్లాసు రాగానే ఆయన దాన్ని వెలుగులోకి ఎత్తి చూస్తాడు. కళ్లు మూసుకుని వాసన పీలుస్తాడు. పెదవికి తగలనివ్వకుండా కూతురి ముందుకు జరుపుతాడు.

"మనమేమన్నా విషం కలిపామా, ఆ వాసన చూడ్డం ఏంటి?" అని ఒకసారి వంటాయన కూడా విసుక్కున్నాడు.

ఆ అమ్మాయి ఒక గిన్నెలోంచి కాస్త తిని, ఒక గుక్క తాగి, ఎలా ఉందో చెప్పాలి.

"ఉప్పు తిన్నాక చేదు బాగా తగ్గింది నాన్నా. అడుగున ఉన్న తియ్యదనం పైకొచ్చింది. మాడీమాడని రొట్టె అంచులా ఉంది."

తర్వాత కేకు. మళ్లీ గుక్క. మొహం చిట్లించింది.

"ఇది మాత్రం కుదర్లేదు. కేకు తీపికి బీరు కషాయంలా అయిపోయింది."

ఆయన తన ముందున్న నోటుబుక్ మీద పెన్సిలుతో రెండుసార్లు కొట్టాడు. అంటే ఇంకోసారి అని.

కౌంటర్‌లో కూర్చునే ఓనరుకి ఆయన కొద్దిగా తెలుసు. "ముప్పై ఏళ్లు బీరు ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం చేశాడు. ఆ గదిలో ఎవరూ నోరు విప్పకూడదట. ఒకరి మాట వింటే ఇంకొకరి రుచి మారిపోతుందని అన్నీ రాయడమే. ఆ అలవాటు పోయినట్టు లేదు. కూతుర్ని కూడా అదే పనిలో పెడదామని నేర్పిస్తున్నాడేమో."

"ఆ పిల్లకి ఇష్టమో కాదో అడిగాడా?" అంది కందిరీగ.

"అది వాళ్లింటి గొడవ. నువ్వెళ్లి మూడో టేబుల్ చూడు."

కందిరీగ వెళ్లింది గానీ మనసు ఆ తండ్రీకూతుళ్ల దగ్గరే ఉండిపోయింది. ఆవిడ తండ్రి దర్జీ. పద్నాలుగో ఏట బడి మాన్పించి మిషను ముందు కూర్చోబెట్టాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఒక్క చూపు చూశాడంతే. ఆ చూపుకి ఎదురు చెప్పలేక పదకొండేళ్లు కాజాలు కుట్టింది.

పోయిన వారం గిన్నెలు తీస్తుంటే తెరిచి ఉన్న నోటుబుక్ కంటపడింది. "తొందరపడకు. సరిగ్గా చెప్పు. మింగాక చేదు ఎంతసేపు ఉంది? మళ్లీ తాగు." కాగితం చిరిగేంత ఒత్తి రాసిన అక్షరాలు. వారమంతా ఆ "మళ్లీ తాగు" ఆవిణ్ణి వదల్లేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి చేప ముక్క తిని గ్లాసు ఎత్తింది. గుక్క దిగీదిగకముందే పొలమారింది. కళ్లలో నీళ్లు.

"గొంతు మండిపోతోంది నాన్నా. కారం, చేదు ఒకదాన్నొకటి ఎగదోస్తున్నాయి."

పెద్దాయన ముందుకు వంగాడు. ఆ పిల్ల గొంతు వైపే కన్నార్పకుండా చూస్తున్నాడు. పెన్సిలు రెండుసార్లు చప్పుడు చేసింది.

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని మళ్లీ గ్లాసు అందుకోబోయింది. ఈలోపు కందిరీగ చెయ్యి దాని మీద పడింది.

"ఏమండీ, ఆ పిల్ల అవస్థ మీకు కనిపించడం లేదా?" అంది. "నెల రోజులుగా చూస్తున్నా. అంత ముచ్చటగా ఉంటే మీరే తాగొచ్చుగా."

కౌంటర్‌లో ఓనరు లేచి నిలబడ్డాడు. పక్క టేబుళ్ల వాళ్లు తినడం ఆపారు.

పెద్దాయన ఆవిడ మొహంలోకి చూశాడు. కోపం తెచ్చుకోలేదు. నోటుబుక్ మూసి, పెన్సిలు జేబులో పెట్టుకోబోయాడు. అది జారి కింద పడింది. వదిలేసి, నెమ్మదిగా తలుపు తోసుకుని బయటికి వెళ్లి వీధిలో నిలబడ్డాడు.

అనాల్సింది అనేసినా కందిరీగకి కసి తీరలేదు. ఆ కోపం కాస్తా అమ్మాయి మీదికి మళ్లింది.

"నువ్వైనా అంత మెత్తగా ఉంటే ఎలాగమ్మా? వద్దని ఒక్క మాట అనలేవూ? నోట్లో నాలుక లేదా నీకు?"

"నాకుందక్కా," అంది ఆ అమ్మాయి, అద్దం అవతల నిలబడ్డ తండ్రి మీంచి చూపు తిప్పకుండా, "పోయిన చలికాలం ఆపరేషన్ చేసి తీసేసింది నాన్నది."