తెగిన తాడు

గని లిఫ్టుకు కట్టబోయే ఉక్కు తాడు, పరీక్ష యంత్రంలో ఫట్‌మని తెగింది.

“మళ్ళీ తెగింది సార్! మోయాల్సిన బరువులో సగం కూడా మోయలేదు,” అంది పరిశోధకురాలు.

“తాడుకేం, బంగారంలా ఉంది. మన యంత్రమే ముసలిదైపోయిందమ్మా,” అన్నాడు లోహశాస్త్ర విభాగాధిపతి. “పాసని రాసెయ్. ఆ లిఫ్టు కంపెనీవాళ్ళు మనకు కొత్త ల్యాబు కట్టిస్తామంటున్నారు.”

“రోజూ ఎంతోమంది కార్మికులు దిగుతారు సార్...”

“వాళ్ళకు అలాంటి భయాలేం ఉండవులే.”

ఇంతలో కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. విభాగాధిపతి మొహం వెలిగిపోయింది.

“లిఫ్టు ప్రారంభోత్సవంలో నాకు సన్మానమా? ఎందుకండీ ఇవన్నీ!” అంటూ మెలికలు తిరిగాడు. అంతలోనే ఆ మెలికలు ఆగిపోయాయి. “ఏంటీ... అందరికంటే ముందు దిగేది నేనా? మా ఆవిడతో సహానా?”

పరిశోధకురాలు పెన్ను తీసింది. “పాసని రాసేస్తున్నాను సార్.”

ఆయన చటుక్కున కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఫోన్‌లో గర్జించాడు.

“మనుషులు దిగే లిఫ్టయ్యా అది! ప్రాణాలంటే మీకంత చులకనా? ఆ తాడు పనికిరాదు!”

ఫోన్ పెట్టేసి చెమట తుడుచుకున్నాడు.

“పరిశోధన చేసేవాళ్ళకు ముందు మానవత్వం ఉండాలమ్మా. నేర్చుకో.”

“ఇప్పుడే నేర్చుకున్నాను సార్,” అంటూ ఆమె ఫెయిలని రాసింది.