ఎడమ పక్క

“ఈ బండి ఎవరిది?”

కారు సామాన్ల అంగడి ముందు ఆపిన ఎర్ర కారు పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. పంచె, చంకలో గుడ్డసంచి, ఎండకు నల్లబడిన మొహం.

“నాదే. ఏం కావాలయ్యా?” అన్నాడు మణికంఠన్ తమిళంలోనే, బల్ల మీది సామాను మీంచి చూపు తిప్పకుండానే.

పెరియకుళం నుంచి కోయంబత్తూరు వచ్చిన అతనికి ఉద్యోగం ఉంది, అద్దె గది ఉంది. మాట్లాడే మనిషే లేడు. ఆదివారాలు గడవక పాత కారొకటి కొన్నాడు. ఒక్కడే కొండలెక్కి, ఒక్కడే దిగి వచ్చేవాడు. మలుపుల్లో కారు వదులు వదులుగా ఊగుతోందని, దాన్ని బిగువుగా ఉంచే కడ్డీలు వేయించడానికి వచ్చాడు.

“ఇంజన్ మీద అడ్డంగా వేసే ఈ స్ట్రట్ బార్ చాలు,” అన్నాడు అంగడి రంగరాజన్. “కింద బ్రేసు కడ్డీ కూడా బిగిస్తే గతుకుల్లో నడుం పోతాది. పక్కన కూర్చునేవాళ్ళు తిడతారు.”

“పక్కన ఎవరూ కూర్చోరు. రెండూ వేసెయ్ అన్నా.”

అంగట్లో తెలుగు వినేసరికి పెద్దాయన ధైర్యం చేసి దగ్గరికొచ్చాడు.

“నైనా, ఇప్పుడేమీ బిగించొద్దు. ముందు ఎడమ పక్క చక్రం విప్పి లోపల చూపించుకో.”

“మీరు మెకానిక్కా?”

“లేదు. వాడిపట్టి పక్కన సేద్యం. బస్సులో పోతా ఈ బండి చూసి దిగేసినా. ఇది నాకు...”

“అమ్మనయ్యా. అడగొద్దు.”

“కొననులే. ఒక్క నిమిషం లోపల కూర్చుని లేస్తా.”

మణికంఠన్‌కు విసుగేసింది. జేబులోని రిమోట్ తాళం నొక్కాడు. తలుపులు టక్కున లాకయ్యాయి.

పెద్దాయన కారు కప్పు మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు.

“పోయొస్తా తంబీ. చూపించుకో, మరవొద్దు.”

రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక మణికంఠన్‌కు ఏదో వెలితిగా అనిపించింది. తన కారులో కూర్చుంటానని అంతవరకూ ఎవరూ అడగలేదు.

రంగరాజన్ బార్ ఎత్తి పెట్టాడు. కుడి పక్క చక్కగా కూర్చుంది. ఎడమ పక్క రంధ్రాలు కలవలేదు. వేలెడంత తేడా.

“వేరే బండిదేమో చూడన్నా.”

“బార్ సరిగ్గానే ఉంది తంబీ. బండే వంకర.”

ఎడమ చక్రం విప్పి టార్చి వేశాడు. కొత్త పెయింటు కింద పాత అతుకు. అతుకు పొడవునా గోరు దూరేంత చీలిక.

“అయ్యయ్యో! దీన్ని వేసుకుని కొండలెక్కినావా? ఇంకొక్క మలుపు తిరిగి ఉంటే లోయలోనే.”

మణికంఠన్ బస్ స్టాపుకు పరుగెత్తాడు. వాడిపట్టి మీదుగా పోయే మదురై బస్సు అప్పుడే కదిలిపోయిందని పూలమ్మే ఆమె చెప్పింది. ఆయన పేరైనా అడగలేదని అప్పుడు తట్టింది.

అక్కడే నిలబడి, కారు అమ్మిన బ్రోకర్ ఇళంగోకు ఫోన్ చేశాడు.

“నిజం చెప్పన్నా. ఇది దెబ్బ తిన్న బండేనా?”



“అవును తంబీ. లారీకి గుద్దుకున్న బండి. తుక్కు కింద కొని అతికించినారు.”

“ముందు ఎవరిది?”

“వాడిపట్టి రైతు, అళగిరిసామి అని. ఆ పొద్దు ఆయనే నడుపుతా ఉండినాడు. ఉన్న ఒక్క కూతురూ ఆయన పక్కనే పోయింది.”