పన్ను పీకే ముందు

“మనుషుల దవడలు కుళ్లబెడుతున్నది మీరే! చెప్పరు, అడగరు. పీకడమొక్కటే తెలుసు మీకు!”

తలుపు తోసుకొచ్చి అరిచాడు మైకు. వేలు ఎవరి వైపు చూపిస్తున్నాడో అర్థం కాలేదు. పళ్ల డాక్టరమ్మ చేతిలో పటకారు గాల్లోనే ఆగింది. కుర్చీలో పడుకున్న పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు. దీపం వెలుగు పడకుండా ఆయన కళ్లకు నల్లద్దాలు, నోట్లో దూది, పెదాలు మూతపడకుండా క్లిప్పు. పలికే వీలు లేదు.

మైకు బస్సు డిపోలో మెకానిక్కు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. యూనియన్ మీటింగుల్లో మైకు లేకుండానే దడదడలాడించేవాడు. ఇప్పుడు సగం దవడ లేదు. నోరు రెండు వేళ్లు పట్టేంతే తెరుచుకుంటుంది. ఎంత అరిచినా పక్కింటి రేడియోలా వినిపిస్తుంది.

వెనకే వచ్చిన భార్య చొక్కా పట్టి లాగింది. “మన వంతు ఇంకా రాలేదు. ఊళ్లో పళ్లన్నీ మీవేనా? రండి ఇవతలికి.”

“ఉండవే. ఈయన్ని బయట చూశా. మాటిమాటికీ నీళ్ల సీసా ఎత్తుతున్నాడు. గడ్డం ఒక చెంపకే మొలిచింది, అచ్చం నాలాగే. మా మంగలి సగం గీసి చేతులు దులుపుకుంటాడు. ఏం సార్, క్యాన్సరుకని దవడకు రేడియేషన్ అయ్యిందా?”

పెద్దమనిషి తలూపాడు.

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. “బీపీ, షుగరు లేవన్నారు. ఇది చెప్పలేదే!”

“మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎప్పుడో అయిపోయిన సంగతే కదా అనుకుంటాం. ఏళ్లు గడిచినా ఆ ఎముకకు మునుపటి సత్తువ రాదమ్మా. నేనూ ఇలాగే పన్ను పీకించుకున్నాను. గుంట పూడలేదు. ఎముక చచ్చిపోయింది. కోసేశారు.”

పటకారు ట్రేలో పడింది.

“అప్పట్లో నా ఉపన్యాసానికి ముందు వరసవాళ్లు గొడుగులు తెచ్చుకునేవాళ్లు, తుంపర్లకి. ఇప్పుడు నోట్లో తడే లేదు. స్టాంపు అంటించాలన్నా ఈవిడ నాలుకే దిక్కు. మనవరాలికి పళ్లొస్తున్నాయి, నాకు పోతున్నాయి. ఇద్దరం ఒకే బిస్కెట్టు నానబెట్టుకుని చప్పరిస్తాం.”

“ఈయన నోరు మూతపడితే చాలని పెళ్లైనప్పటి నుంచీ కోరుకున్నా,” అంది భార్య. “సగమే తీరింది.”

డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది. “ఆసుపత్రిలో మీకెవరూ చెప్పలేదా?”

“చెప్పే ఉంటారు. బతుకుతానా చస్తానా అని బుర్ర గిర్రున తిరుగుతుంటే పళ్ల సంగతి ఎవడికి ఎక్కుతుందమ్మా? అందుకే గోడ మీద ఉండాలి. డిపో పెయింటరుతో రేకు బోర్డు రాయించా. ‘దవడకు రేడియేషన్ అయ్యిందా? ఇక్కడి డాక్టర్ని అడక్కుండా పన్ను పీకించుకోవద్దు’ అని. రేడియేషన్ గది ముందు కొట్టించా. ఆసుపత్రి సూపరింటెండెంటు సరిగా చదవకుండానే పీకించేశాడు. రోగులు బెదిరిపోతారట, గోడ రంగు పాడవుతుందట!”

కుర్చీలో మనిషి కదిలాడు. డాక్టరమ్మ ఆయన వైపు ఓసారి చూసింది.

“ఊరుకుంటానా? ఆయన గేటు ముందు బైఠాయించా. గొంతు చించుకుని నినాదాలిచ్చా, ఒక్క ముక్కా ఎవరికీ అర్థం కాలేదు. పాపం వాచ్‌మన్, దాహమేస్తోందనుకుని గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చాడు. తాగేశా! నా ఉద్యమం అక్కడితో సరి. సూపరింటెండెంటు కారు అద్దం పైకెత్తేసి వెళ్లిపోయాడు.”

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఏడుపుకో.

డాక్టరమ్మ రేడియేషన్ డాక్టరుకు ఫోన్ చేసింది. చాలాసేపు విన్నది. “ఇవాళ పన్ను జోలికి వెళ్లను. ముందు వాళ్లు చూడాలి,” అంటూ క్లిప్పు, దూది తీసేసింది.

పెద్దమనిషి లేచి కూర్చున్నాడు. మైకు చెయ్యి పట్టుకున్నాడు. సీసాలో నీళ్లు ఒక గుక్క తాగితే గానీ మాట రాలేదు.

“నా దవడ నిలబెట్టారు. మీకేం చెయ్యమంటారో చెప్పండి.”

మైకు వంగి, ఆయన నల్లద్దాలు మెల్లగా తీసి, చేతిలో పెట్టాడు.

“నా బోర్డు ఇవాళే మళ్లీ గోడకు కొట్టించండి, సూపరింటెండెంటు గారూ.”